అనువాదమున సందర్భము – టైపుల కాపలా

ఒకే మాటకు రెండర్థము లుండుట అన్ని భాషలందును కలదు. ఇంగ్లీషున ‘ఓపెన్’ అను మాట మీటపై నున్నచో ‘తెరువు’ అని యర్థము. దుకాణము పేరు ప్రక్క నున్నచో ‘తెరచి యున్నది’ అని యర్థము. చూచిన మనిషి వెంటనే గ్రహించును. కంప్యూటరునకు ఆ తెలివి లేదు. సందర్భమును మనమే చెప్పవలెను. చెప్పు విధానములలో ఒకదానిని, దానికి ఇటీవల ఏర్పడిన కాపలాను ఇచ్చట పరిశీలింతము.

వెబ్ అప్లికేషనును పలుభాషలలో నడుపుటకు లైబ్రరీలనెడి ఉపకరణములు కలవు. ప్రోగ్రాములో వాక్యమును నేరుగా వ్రాయరు. దాని కొక ‘కీ’ పెట్టి, ఆ కీ క్రింద ఒక్కొక్క భాషకు ఒక్కొక్క పట్టికలో వాక్యము నుంచెదరు. గ్నూ గెట్‌టెక్స్ట్ అను పాత ఉపకరణమున 2006లో కీకి తోడుగా సందర్భమును గూడ విడిగా వ్రాయు సదుపాయము కలిగినది. జావాస్క్రిప్టు వారు నేడు విరివిగా వాడు ‘ఐ18నెక్స్ట్’ మార్గము వేరు. (‘ఇంటర్నేషనలైజేషన్’ అను ఇంగ్లీషు మాటలో మొదటి ‘ఐ’కి, చివరి ‘ఎన్’కు నడుమ 18 అక్షరము లుండుటచే ఈ వింత పేరు వచ్చినది.) ఇందు సందర్భము కీకి తోకగా అతుకబడును. ‘ఫ్రెండ్’ అను కీకి పురుష సందర్భమైనచో ‘ఫ్రెండ్_మేల్’, స్త్రీ సందర్భమైనచో ‘ఫ్రెండ్_ఫిమేల్’ అని పట్టికలో వెదకుదురు.

పద్ధతి తేలికయే. కాని తోకలో ఒక్క అక్షరము తప్పినను యంత్రము కేకవేయదు. తోకగల వాక్యము దొరకనిచో తోకలేని దానిని, అదియు దొరకనిచో కీ పేరునే తెరపై చూపి ఊరకుండును. ప్రోగ్రాము వ్రాసిన వానికి తెలుగు రానిచో తప్పు జరిగినట్లే తెలియదు. చదువుకొను వానికి మాత్రము తెలియును.

దీనికి మందుగా వచ్చినదే టైపుల కాపలా. భౌతికశాస్త్రమున మీటర్లను సెకండ్లతో కూడనీయము గదా! అటులనే మైక్రోసాఫ్టు వారు 2012లో వెలువరించిన టైపుస్క్రిప్టు భాషయందు ప్రతి విలువకును ఒక జాతి, అనగా టైపు, ఉండును. జాతి కుదరనిచో ప్రోగ్రాము నడువకముందే కంపైలరు తప్పు పట్టును. 2020లో వచ్చిన 4.1వ కూర్పులో, రెండు మాటల నతికినచో ఏ మాట యగునో టైపులలోనే లెక్కగట్టు వీలు కలిగినది. అందుచే ‘ఫ్రెండ్’కు ఏయే తోకలు చెల్లునో పట్టిక నుండియే రాబట్టి, ‘ఫెమేల్’ అని తప్పు వ్రాసిన వానిని అచ్చటనే ఆపవచ్చును. ఇది నిజముగా మేలు. ఇంతవరకు నాకు ఆక్షేపణ లేదు.

ఆక్షేపణ ఏమన, ఆ పట్టిక ఏ భాషది? సాధారణముగా మూలభాషయగు ఇంగ్లీషుది. ‘లలిత జాయిన్డ్’, ‘రమేష్ జాయిన్డ్’ – ఇంగ్లీషు క్రియకు లింగభేదము లేదు, కనుక ఇంగ్లీషు పట్టికలో తోకలుండవు. తోకలు లేవు గనుక ప్రోగ్రామరు సందర్భమును పంపడు. పంపలేదని కంపైలరును అడుగదు. తెలుగున రమేష్ ‘చేరాడు’, లలిత ‘చేరింది’. అనువాదకుడు తెలుగు పట్టికలో రెండు వాక్యములు వ్రాసి పెట్టినను వాటిని పిలుచువాడు లేడు. ఇంగ్లీషునకు సరిపోయినది గనుక అన్నిటికిని సరిపోయినట్లే కంపైలరు ముద్ర వేయును.

మన వ్యాకరణము చదివినవారికి చిక్కు ఇంకను లోతుగా కనబడును. స్త్రీవాచకము ఏకవచనమున అమహత్తుతోను, బహువచనమున మహత్తుతోను చేరును: లలిత చేరింది, ఫోను చేరింది, ఆడవారు చేరారు, ఫోనులు చేరాయి. అనగా వచనమును బట్టి గీత చోటు మారును. గ్రాంథికమున ‘చేరెను’ అను ఒక్క రూపమే రాముడికిని, సీతకును, ఫోనుకును చాలును. వ్యావహారికమున ఆ సౌకర్యము పోయినది. అందరికిని ‘చేరారు’ అని గౌరవవాచకము వేసి తప్పించుకొనవచ్చు నందురా? ‘కొత్త ఫోను చేరారు’ అని చదివి విద్యార్థులు నవ్వరా!

తోక పద్ధతిలో మరియొక లోపము కలదు. ఐ18నెక్స్ట్ యందు సందర్భమునకును, వచనమునకును అతుకు గుర్తు మామూలుగా ఒకటే, క్రిందిగీత. ‘అదర్’ అను తోక వచనభేదమా, లింగభేదమా? పేరును చూచి చెప్పలేము. రెండు వేరు విషయములను ఒక్క పేరులో కుదించి, పిమ్మట టైపులచే విడదీయించుట తెలివైన పనియే గాని, అవసరమైన పని కాదు.

నా యభిప్రాయమున టైపు నుంచవలసినది తోకపై కాదు, ప్రోగ్రాము పంపు వాస్తవముపై. చేరినది మనిషియా, వస్తువా? పురుషుడా, స్త్రీయా, తెలియదా? ఎందరు? ఈ విషయములను తప్పక పంపవలెనని కంపైలరు అడుగవలెను. వానిలో దేనిని వాడుకొనవలెనో ఆయా భాషల అనువాదకులు నిర్ణయింతురు. జపానుభాషకు వచనభేద మక్కరలేదు. అరబ్బీకి ఆరు సంఖ్యావర్గములు కావలెను. ఇంగ్లీషునకును తెలుగునకును రెండు చాలును. మొజిల్లా వారి ‘ఫ్లూయెంట్’ 2019లో 1.0వ కూర్పుగా వెలువడినది. మూలవాక్యమున లేని భేదమును అనువాదకుడు తన భాషలో తానే కల్పించుకొనవచ్చు ననుట దాని మూలసూత్రము. ఐసీయూ వారి సందేశరూపము గూడ శాఖలను వాక్యములోనే వ్రాయనిచ్చును. అందు ‘అదర్’ అను శాఖ తప్పనిసరి.

వీనికిని కొరత కలదు. ఈ వాక్యములు టైపుస్క్రిప్టు చదువలేని వేరు లిపిలో నుండును గనుక, వానినుండి టైపులను పుట్టించు మరియొక పనిముట్టు కావలెను. ఆ పనిముట్టు ఇంగ్లీషు ఫైలు నొక్కదానినే చదివినచో కథ మొదటికి వచ్చును. అన్ని భాషల ఫైళ్లును చదివి, ఏ ఒక్క భాష కోరిన వాస్తవమునైనను అందరికిని తప్పనిసరి చేయవలెను. అపుడు లలిత స్త్రీయని తెలుపుమని తెలుగు ఫైలు కోరినచో, తెలుగు రాని ప్రోగ్రామరునకు గూడ ఆ కోరిక ఎఱ్ఱగీతయై కనబడును. లోలకపు సూత్రమున ‘2 పై’ అను గుణకమును విడిచినను పరిమాణముల లెక్క సరిపోవును. అటులనే టైపులు కుదిరినను ‘చేరింది’కి బదులు ‘చేరాడు’ అని పట్టికలోనే తప్పు వ్రాసి యుండవచ్చును. దానిని పట్టుటకు తెలుగు చదువగల మనిషి కావలెను.