నేను చదవని ప్రసంగం

'పుస్తక ప్రియులు' అనే మాట వింటే నాకు ఇప్పటికీ బెరుగ్గానే ఉంటుంది. మా గూడెంలో పుస్తకమంటే ముందు భయం. ఆ తర్వాత ఆకలి. ప్రియం దాకా రావడానికి మాకు మూడు తరాలు పట్టింది.

మాది ఖమ్మం జిల్లాలో ఒక మాదిగగూడెం. మా ఇంట్లోకి వచ్చిన మొదటి పుస్తకం బైబిలు. తాతకి అక్షరం రాదు. ఆదివారం పాస్టరుగారు చదివితే గూడెమంతా కూర్చుని వినేది. రెండో పుస్తకం నా తెలుగు వాచకం. వానొచ్చి ఇల్లు కురిస్తే మా అమ్మ బియ్యం కుండ సంగతి తర్వాత చూసేది. ముందు నా పుస్తకాల సంచి తీసి కడుపుకి హత్తుకునేది. "ఇయ్యి తడిస్తే మల్ల ఎవలిస్తర్రా మనకు?" అనేది. మిరపకాయ ఏరబోయే మనిషి. వేలిముద్ర. మా వంశంలో మొదటి పుస్తక ప్రియురాలు ఆమే. ఏ సభా ఆమెను పిలవలేదు.

నన్ను పిలిచారు. 2018లో ఒక పట్నంలో పుస్తక ప్రియుల సమ్మేళనం పెట్టారు. రెండు రోజులు, కల్యాణ మండపంలో. గుమ్మం దగ్గర గంధం రాసి, గుడ్డసంచి, బ్యాడ్జీ ఇచ్చారు. రచయితల సంతకాల కోసం బారులు కట్టారు. ఒకాయన తన ఇంట్లో ఎన్ని వేల పుస్తకాలున్నాయో చెప్పాడు. ఇంకొకాయన కొత్త పుస్తకం వాసన గురించి అరగంట మాట్లాడాడు. నిజం చెప్పాలంటే నాకూ బాగానే ఉంది. భోజనాల దగ్గర కూడా నవలల గురించి మాట్లాడుకునే జనాన్ని నేను అంతకుముందు చూడలేదు. సంబరపడిపోయాను. ఆ సంబరమే నన్ను దెబ్బతీసింది.

వేదిక ఎక్కినవాళ్లందరిదీ ఒకటే బాధ: చదివేవాళ్లు తగ్గిపోతున్నారని. ఎవరిళ్లలో తగ్గిపోతున్నారు? మా గూడెంలో పదో తరగతి దాటిన మొదటి తరం నాదే. మా పిల్లలు ఇప్పుడిప్పుడే కాలేజీ లైబ్రరీల్లో తలెత్తి కూర్చుంటున్నారు. తాతముత్తాతల కాలం నుంచి చదివిన ఇళ్లలో విసుగు పుడితే, తెలుగువాళ్లంతా చదువు మానేసినట్టేనా? మాకు చదువు ఇప్పుడే మొదలైంది అని లేచి చెప్పాలనిపించింది. చెప్పలేదు.

రెండోరోజు 'నాకు నచ్చిన పుస్తకం' మీద నాకు పది నిమిషాలు ఇచ్చారు. నేను అంబేద్కర్ 'కుల నిర్మూలన' అని రాసిచ్చాను. నిర్వాహకుల్లో ఒకాయన పక్కకు పిలిచాడు. చాలా మర్యాదగా, భుజం మీద చెయ్యేసి, "మాస్టారూ, ఇది సాహిత్య సభ కదా. ఏదన్నా సాహిత్యం తీసుకోండి. అది వేరే మీటింగులో చెబుదురుగాని" అన్నాడు.

నేను మార్చేశాను. పదిమందీ మెచ్చే ఒక నవల గురించి మాట్లాడాను. చప్పట్లు కొట్టారు. శాలువా కప్పారు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఆ శాలువాని సంచి అడుగున కుక్కాను.

ఆ పుస్తకం ఎట్లా పుట్టిందో నాకు తెలియక కాదు. 1936లో లాహోర్‌లోని జాత్-పాత్ తోడక్ మండల్ తన వార్షిక సభకు అంబేద్కర్‌ని అధ్యక్షుడిగా పిలిచింది. కులాన్ని తెంచాలనుకున్న సవర్ణ సంస్కర్తల సంఘం అది. ప్రసంగం ముందే చూసి, కొన్ని భాగాలు తీసెయ్యమన్నారు. ఆయన ఒక్క చిన్న గుర్తు కూడా మార్చడానికి ఒప్పుకోలేదు. సభే ఆగిపోయింది. ఆయన సొంత ఖర్చుతో 1500 కాపీలు అచ్చేయించాడు. రెండు నెలల్లో అయిపోయాయి. గాంధీ 'హరిజన్' పత్రికలో విమర్శ రాస్తే, మరుసటి ఏడాది రెండో ముద్రణలో ఆ విమర్శనీ, దానికి తన జవాబునీ కలిపి వేశాడు. పాఠకుణ్ణి ఇంతగా నమ్మిన రచయిత ఎంతమంది ఉన్నారు?

ఆయన చిన్న గుర్తు మార్చలేదు. నేను ఏకంగా పుస్తకాన్నే మార్చేశాను.

అది సాహిత్యం కాదన్నారు కాబట్టి సాహిత్యం సంగతే మాట్లాడదాం. సభ జరగకపోయినా ఆయన ప్రసంగ రూపం తీసెయ్యలేదు. అచ్చులో కూడా ఎదురుగా ఉన్న శ్రోతతోనే మాట్లాడుతుంటాడు. రాని శ్రోత కుర్చీ అట్లాగే ఖాళీగా ఉంది. చదివే ప్రతివాడూ పోయి అందులో కూర్చోవాల్సిందే. నేనూ కూర్చున్నాను. మొదట నా పక్షాన మాట్లాడుతున్నాడని పొంగిపోయాను. కులాల మెట్ల గురించి, ప్రతి కులానికీ తనకంటే కింద ఇంకో కులం ఉందన్న ఊరట గురించి చెప్పే చోటికి వచ్చేసరికి గొంతులో పడింది. డక్కలివాళ్లు వస్తే మా గూడెం బయటే దిగేవాళ్లు. లోపలికి రానిచ్చేవాళ్లం కాదు. చిన్నప్పుడు నేనూ చూశాను, తప్పనిపించలేదు. నా ఇంట్లో నన్నే నిలదీసిన పుస్తకం అది. సాహిత్యం చెయ్యాల్సిన పని ఇంతకంటే ఏముంది?

2019 డిసెంబర్ 6న నేను ముంబయి పోయాను. ఖమ్మంలో కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి దాదర్‌లో దిగాను. బాబాసాహెబ్ పుస్తకాల కోసమే రాజగృహ కట్టుకున్న దాదర్ అది. చైత్యభూమి దగ్గర లక్షల జనం. శివాజీ పార్కు నిండా పుస్తకాల దుకాణాలు. వాళ్లలో ఎవరికీ పుస్తక ప్రియులన్న బ్యాడ్జీ లేదు. తొమ్మిది గజాల చీర కట్టిన ఒక ముసలమ్మ ఒక్కో పుస్తకం తీసి, పేరేమిటో చదివి చెప్పమని దుకాణం పిల్లవాణ్ణి అడుగుతోంది. చివరికి ఒకటి కొనుక్కుని కొంగులో కట్టుకుంది. మీకు చదవడం రాదు కదా అని నా వచ్చీరాని హిందీలో అడిగాను. మనవరాలు చదివితే ఇంటిల్లిపాదీ వింటామంది. పాస్టరుగారి చుట్టూ కూర్చున్న మా గూడెం గుర్తొచ్చింది. అమ్మ గుర్తొచ్చింది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, అట్లాంటి సమ్మేళనాలకు పోవద్దని నేను చెప్పను. పొండి. పుస్తకాలు కొనండి, కుర్చీల్లో ముందు వరసలో కూర్చోండి. పది నిమిషాలిస్తే తీసుకోండి. భుజం మీద చెయ్యి పడితే మాత్రం పుస్తకం మార్చకండి.

ఆ రోజు నేను చదవని ప్రసంగం ఇదే.