మూకీలో పలికిన భాష

సాహిత్యాన్ని లిఖితం, మౌఖికం అని రెండుగా విభజించడం మన విమర్శకు అలవాటు. జానపదుల పాటకూ కథకూ సాహిత్య గౌరవం కావాలని అభ్యుదయ విమర్శ పోరాడింది. అది సరైన పోరాటమే. అయితే ఈ విభజనలో ఇమడని సాహిత్యం ఒకటుంది. బధిరుల సంజ్ఞాభాష నోటితో పలికేది కాదు. దానికి నిత్యవాడుకలో ఉన్న లిపీ లేదు. కానీ సొంత వ్యాకరణం ఉంది, కథలున్నాయి, కవిత్వం ఉంది. వాటిని భద్రపరచడం ఎట్లా?

ఈ ప్రశ్న ఊరికే పుట్టలేదు. 1880లో ఇటలీలోని మిలాన్‌లో జరిగిన బధిర విద్యా మహాసభ సంజ్ఞలను పక్కకు నెట్టి, మౌఖిక బోధనే మేలని తీర్మానించింది. తీర్మానించినవారు దాదాపు అందరూ వినగలిగినవారే. ఎవరి భాషనైతే బడినుంచి వెళ్లగొట్టారో వారి అభిప్రాయానికి అక్కడ విలువ లేదు. భాషను కోల్పోతే చరిత్రనూ కోల్పోతామని గుర్తించిన అమెరికా జాతీయ బధిరుల సంఘం సుమారు 5,000 డాలర్ల చందాలు పోగుచేసి, 1910 నుంచి తమ ఉత్తమ వక్తల సంజ్ఞలను ఫిల్ముకెక్కించింది.

వాటిలో ముఖ్యమైనది 1913 నాటి 'సంజ్ఞాభాషా పరిరక్షణ'. వక్త జార్జి వెడిట్జ్ ఎనిమిదేళ్ల వయసులో వినికిడి కోల్పోయినవాడు, ఆ సంఘానికి మాజీ అధ్యక్షుడు. పారిస్‌లో బధిరులకు బడి పెట్టిన అబ్బే డి లెపేను ఫ్రాన్సు బధిరులు ఎంత ప్రేమతో తలచుకుంటారో చెప్పి, వారి బడుల్లో సంజ్ఞలకు పట్టిన గతికి వస్తాడు. ఒక దేశపు దుఃఖం తన దేశానికి హెచ్చరిక అవుతుంది. ఈ నిర్మాణం వల్లనే పావుగంట ఉపన్యాసం వినతిపత్రంగా మిగలక, ప్రతిఘటన సాహిత్యం అయింది. దీనికి ఇంగ్లీషు పాఠం ఉంది. అందులో అర్థం దొరుకుతుంది గాని చేతుల లయ, ముఖంలోని ఆవేదన దొరకవు. బుర్రకథను అచ్చులో చదివినవారికి ఈ తేడా వేరే చెప్పనక్కర్లేదు.

సాంకేతిక విజ్ఞానం దానంతటది ఎవరి పక్షమూ వహించదు. మనం మూకీ అని పిలిచిన చిత్రమే బధిరులతో మాట్లాడింది. 1927 తర్వాత టాకీలు వచ్చి ఆ తలుపు మూశాయి. టెలిఫోన్‌కు పేటెంటు పొందిన గ్రాహంబెల్ మౌఖిక బోధనకు పెద్ద సమర్థకుడు. ఆ ఫోన్ తీగ మీద అక్షరాలు పంపే సాధనాన్ని 1964లో రూపొందించిన రాబర్ట్ వైట్‌బ్రెక్ట్ స్వయంగా బధిరుడు.

ఈ ఫిల్ములకు పరిమితి లేదనుకోవడం పొరపాటు. కెమెరా ముందుకు వచ్చినవారు ప్రధానంగా చదువుకున్న తెల్లవారు. నల్లజాతి బధిరుల బడులు వేరు, సంజ్ఞల తీరూ వేరు. అణచివేతకు గురైన ఆ సంఘమే 1925 నుంచి 1965 వరకు నల్లవారికి సభ్యత్వం నిరాకరించింది. వారి భాషను దక్షిణాది రాష్ట్రాల్లో చిత్రించి పరిశోధించిన గ్రంథం 2011లో గాని రాలేదు. భద్రపరచడమంటే ఎంపిక చేయడం కూడా. ఆ ఎంపిక ఎవరి చేతిలో ఉందన్నదే అసలు ప్రశ్న.

వెడిట్జ్ చిత్రం 2010లో అమెరికా జాతీయ ఫిల్ము జాబితాకెక్కింది. అదే ఏడు వాంకోవర్ మహాసభ మిలాన్ తీర్మానాలను తిరస్కరించింది. నూటముప్పై ఏళ్లు పట్టింది. మౌఖికం, లిఖితం అనే మన కొలతలకు అందని దాన్ని సాహిత్యంగా గుర్తించడానికి మన విమర్శ అంతకాలం తీసుకోకూడదు.