పాత సైకిలుకు కొత్త చక్రాలు

మూలన పడివున్న తాతగారి నల్ల సైకిలుకు కొత్త చక్రాలు వేయించాలనుకునేవాళ్లు మొదట బోల్తా పడేది 28 అనే అంకె దగ్గర. రాడ్ బ్రేకుల పాత హెర్క్యులిస్, ర్యాలీ, అట్లాస్ బళ్ల టైర్ల మీద 28×1½ అని ఉంటుంది. ఇప్పటి 700సి టైర్ల మీద కూడా తరచు 28 అనే ఉంటుంది. అయితే టైరు కూర్చునే చోట రిమ్ము వ్యాసం పాతదానికి 635 మి.మీ., కొత్తదానికి 622. టైరు పక్కన 40-635 లాంటి అంకెలుంటే రెండోదాన్నే నమ్మాలి.

పదమూడు మిల్లీమీటర్లేగా అని సరిపెట్టుకుందామంటే బ్రేకు ఒప్పుకోదు. రాడ్ బ్రేకు రబ్బరు రిమ్ము పక్కల్ని పట్టదు, స్పోకుల వైపు నుంచి వచ్చి రిమ్ము లోపలి ముఖానికి ఆనుతుంది. అందుకే ఆ రిమ్ముకు నడుమ స్పోకులు దిగే చోటుకు అటూ ఇటూ గుండ్రటి భుజాలుంటాయి. వెస్ట్‌వుడ్ అనే ఇంగ్లీషు అచ్చు అది. 700సి రిమ్ముకు ఆ భుజాలే లేవు. చక్రం ఫోర్కులో పట్టినా బండి ఆగదు. పైగా పాత హబ్బులకు ముందు 32, వెనక 40 చిల్లులు. బజారులో ఎక్కువగా కనిపించే 36 చిల్లుల రిమ్ము రెండింటికీ పనికిరాదు.

కనుక ఈ బండికి రెడీమేడ్ చక్రం జోలికి పోవద్దనే నేనంటాను. పాత హబ్బు ఉంచి, గోళీలు, కోన్లు మార్చి, 635 రిమ్ము తెచ్చి కొత్త స్పోకులతో అల్లించుకోవడమే దారి. ఈ రకం సైకిళ్లు మన దేశంలో ఇంకా తయారవుతున్నాయి గనక రిమ్ములకు కరువు లేదు.

అల్లకం చూడదగ్గ పని. స్పోకులు హబ్బు నుంచి నిటారుగా పోవు, ఒకదాన్నొకటి దాటుతూ ఏటవాలుగా రిమ్ము చేరతాయి. పెడలు తొక్కిన బలం మెలి తిప్పినా తట్టుకునే ఈ ఏర్పాటుకు జేమ్స్ స్టార్లీ 1874లో ఇంగ్లండులో పేటెంటు తీసుకున్నాడు. నిపుల్స్ అన్నీ ఒకే లోతుకు బిగించాక బెండు తీయడం మొదలవుతుంది. చక్రం తిప్పి, రిమ్ము పక్కన సుద్దముక్క పట్టుకుంటే వంకర ఉన్నచోటే గీత పడుతుంది. కుడికి ఒరిగితే అక్కడి ఎడమ స్పోకులు పావు చుట్టు బిగించి, కుడివి అంతే వదులుతారు. ఒకేసారి పూర్తి చుట్టు తిప్పేవాడి చేతికి మీ చక్రం ఇవ్వకండి. చివర్లో ఒక్కో స్పోకునూ మీటి వింటారు. ఒకే పక్క స్పోకుల్లో ఏదైనా బొంగురుగా పలికితే అది వదులైనట్టే.

గేర్ల పాత రేసు సైకిలు సంగతి వేరు. దాని 27 అంగుళాల చక్రం రిమ్ము 630 మి.మీ. దాని బదులు 622 వేస్తే బ్రేకు రబ్బరు 4 మి.మీ. కిందికి దిగితే చాలు. చాలా బ్రేకులకు అంత వెసులుబాటు ఉంటుంది. క్రోమ్ ఇనుప రిమ్ము వానలో జారుతుంది, అల్యూమినియం బాగా ఆపుతుంది. ఇక్కడ మాత్రం మార్చడమే మేలు. వెనక ఫోర్కు వెడల్పు 126, కొత్త హబ్బు 130 అయినా ఉక్కు ఫ్రేమును రెండు పక్కలా సమానంగా సాగదీయవచ్చు. అల్యూమినియం ఫ్రేముతో ఆ సాహసం వద్దు.

కొత్తగా అల్లిన చక్రం కొన్నాళ్లు తొక్కేసరికి స్పోకులు సర్దుకుని కాస్త వదులవుతాయి. అప్పుడు మళ్లీ అదే షాపుకు వెళ్లి బెండు తీయించుకోండి.