ప్రతిభకు కూడు పెట్టిందెవరు?

ప్రతిభ పుట్టుకతోనే వస్తుందన్నట్టు మాట్లాడేవాళ్లు చాలామంది. అలంకారశాస్త్రం మాత్రం ప్రతిభతోపాటు వ్యుత్పత్తి, అభ్యాసం కూడా కావాలంది. అభ్యాసానికి తీరిక కావాలె, తీరికకు కూడు కావాలె. ఆ కూడు ఎక్కడిదన్నదే మా ప్రశ్న.

గద్వాల సంస్థానానికి 'విద్వద్గద్వాల' అని పేరు. పండితసభలు జరిపి కవులను సన్మానించేవారు. ఆ సొమ్ము రైతులు కట్టిన శిస్తు, కింది కులాల చెమట. దాన్నెవరూ రాయితీ అనలేదు, సత్కారమన్నారు. మొదటితరంగా యూనివర్సిటీ మెట్లెక్కిన మాకు స్కాలర్‌షిప్ వస్తే మాత్రం 'కోటావాళ్ల'మైనం.

నాగర్‌కర్నూల్ జిల్లా అవుసలికుంట దర్శనం మొగులయ్యది ఇంకో తీరు ప్రతిభ. డక్కలి కళాకారుడు. సొరకాయ బుర్రలు బిగించిన 12 మెట్ల కిన్నెర మీద పండుగ సాయన్న కథ పాడతాడు. ఈ విద్యను తూచేది పండితసభ కాదు, విన్న జనం. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన కూలిపనికి పోతున్నాడని పత్రికలు రాసినయి. బిరుదు కూడు పెట్టదు. డక్కలిని గడప బయట నిలబెట్టిన తప్పు మన మాదిగవాడలది కూడా.

వాళ్ల కొలతతోనే గెలిచి చూపిద్దామనే మిత్రులున్నారు. వనపర్తి రాజమహల్లోకి పాలిటెక్నిక్ వచ్చింది. అక్కడి సీట్లు మనమెందుకు వదులుకోవాలె? మార్కులు తెచ్చుకుందాం. కానీ అదొక్కటే ప్రతిభ అని ఒప్పుకుంటే, కిన్నెరను మన చేతులతో మనమే అవతల పారేసినట్టు. కొలిచే చెయ్యి ఎవరిదో, సాధనకు కూడెవరు పెట్టిండ్రో చెప్పినంకనే ప్రతిభ మాట ఎత్తాలె.