పెన్సిల్‌తో గీసిన వీడియో గేమ్

2017 సెప్టెంబరులో వచ్చిన ‘కప్‌హెడ్’ ఆటలో నన్ను కట్టిపడేసింది గీత. కెనడాకు చెందిన అన్నదమ్ములు చాడ్, జారెడ్ మోల్డెన్‌హవర్ 1930ల నాటి అమెరికన్ కార్టూన్లనూ, ‘కాంట్రా’లా పరుగెత్తుతూ కాల్చే పాత ఆటలనూ కలిపి దీన్ని తయారుచేశారు. టీవీకి తగిలించిన వీడియో గేమ్‌లో కాంట్రా ఆడిన మన తరానికి ఆ పరుగు ఇట్టే తెలిసిపోతుంది.

బొమ్మలన్నీ కాగితం మీద పెన్సిల్‌తో గీసి, ఇంకుతో దిద్ది, ఆ తర్వాతే కంప్యూటర్‌లో రంగులు నింపారు. సెకనుకు 24 బొమ్మల లెక్క! వెనకాల కనిపించే దృశ్యాలు నీటిరంగులతో వేసినవి. ఎముకల్లేని రబ్బరు గొట్టాల్లా వంగే కాళ్లూ చేతులూ ‘బెట్టీ బూప్’, ‘పొపాయ్’ కార్టూన్లు తీసిన ఫ్లీషర్ స్టూడియో ఒరవడి. అయితే ఇది ఉత్త అనుకరణ కాదు. తొలి పోరాటాల్లో ఒకదానిలో శత్రువులు బంగాళాదుంప, ఉల్లిపాయ, క్యారెట్. ఉల్లిపాయ బోరున ఏడుస్తుంది, ఆ కన్నీళ్లే మన మీద పడే ఆయుధాలు. ఎంత చక్కని ఊహ!

ఇంకు దిద్దిన మాయా మోల్డెన్‌హవర్ ఓపికకు ప్రత్యేకంగా దండం పెట్టాలి. వేల బొమ్మల్లో గీత ఒకేలా నిలవాలంటే చెయ్యి ఎంత కుదురుగా ఉండాలి! ఈ ఆటను పూర్తిచేయడానికి అన్నదమ్ములు ఇళ్లు కూడా తాకట్టు పెట్టారు.

ఆట కష్టమే, మాటిమాటికీ ఓడిపోతాం. ఇద్దరు కలిసి ఆడే వీలుంది కాబట్టి, ఇంట్లో పిల్లలుంటే పక్కన కూర్చోబెట్టుకుని ఆడండి.