స్క్రాచ్ ఆర్కెస్ట్రా: నేర్వనివారి సంగీతము

సంగీతము నేర్చినవారి సొత్తా, పాడఁగోరిన ప్రతివారి సొత్తా యను ప్రశ్న క్రొత్తది కాదు. దీనికి 1969వ సంవత్సరమున లండను నగరమందుఁ గొందఱు చెప్పిన యుత్తరము విచిత్రమైనది. దాని గుణదోషములను మా పాఠకుల యెదుట నించుక విమర్శింపఁగోరుచున్నాము.

ఆ యేఁట కార్నీలియస్ కార్డ్యూ అను స్వరకర్త, మైకేల్ పార్సన్స్, హోవర్డ్ స్కెంప్టన్ అను మిత్రులతోఁ గలసి స్క్రాచ్ ఆర్కెస్ట్రా యను సమాజమును స్థాపించెను. దాని నిబంధనల చిత్తుప్రతి జూను మాసమున నొక సంగీతపత్రికలోఁ బ్రకటింపఁబడెను. అందుఁ జేరుటకు విద్వత్తుతోఁ బనిలేదు, ఉత్సాహమున్నఁ జాలును. సంగీతజ్ఞులును, చిత్రకారులును, సంగీతశిక్షణ యేమియు లేనివారును నొకే పంక్తిని గూర్చుండిరి. కచ్చేరీని రూపొందించు నధికారము సభ్యులకు వంతులవారీగా రావలెననియు, ఆ వంతు అందఱికంటెఁ బిన్నవయస్కులతో మొదలు కావలెననియు నియమము. పెద్దల మాటయే చెల్లు నిండ్లలోఁ బెరిగిన మనకు నీ యొక్క నియమమే యాలోచింపఁదగినది.

ఇట్టి సమాజమునఁ గోలాహలము తప్ప గాన మెట్లు పుట్టునని కొంద ఱాక్షేపింతురు. ఆక్షేపము నిరాధారము కాదు. ఎవరికిఁ దోఁచినది వారు వాయించినచో బిగ్గఱగా వాయించువాఁడే గెలుచును. సమానత్వము పేరిట బలవంతుని రాజ్య మేర్పడును. అయినను కార్డ్యూ రచించిన 'ది గ్రేట్ లెర్నింగ్' అను కృతియందలి యేడవ భాగము దీనికిఁ దగిన సమాధానము. ఇది శిక్షణ లేని కంఠముల కొఱకే వ్రాయఁబడినది. మొదటి పాదమును ప్రతివారును తమకుఁ దోఁచిన స్వరముతో, ఊపిరి నిలిచినంతసేపు, మెల్లఁగాఁ బాడవలెను. తరువాతి పాదమునకు మాత్రము తోడివారు పాడుచుండఁగాఁ దమకు వినఁబడిన స్వరమునే గ్రహింపవలెను. అందులకై పాడువారు అటునిటు నడచుచు, ఒకరి చేరువకు నొకరు పోవుచుందురు. మొదట నెన్నో స్వరములతోఁ జెల్లాచెదరైయుండు గానము, ఒకరినొకరు వినుటచేతనే క్రమముగాఁ గొలఁది స్వరములయం దొదుగును. నడిపించు నాయకుఁడు లేఁడు. అయినను గోలయు లేదు.

మన భజనగోష్ఠియందును అందఱు పాడుదురు గదా యని యడుగవచ్చును. నిజమే; కాని యచట వరుస ముందే యున్నది. ఇచట వరుస వినుటవలననే పుట్టుచున్నది.

కావున నైపుణ్య మక్కఱలేదను మాట సగమే సత్యము. కంఠమునకు శిక్షణ యక్కఱలేకపోయినను, చెవికి శ్రద్ధ యక్కఱ. అంతియకాక యింత సులభమైన నియమమును గల్పించినవాఁడు రాయల్ అకాడమీలో సంగీతము నభ్యసించి, జర్మను స్వరకర్తయగు స్టాక్‌హౌసెనునకు సహాయకుఁడుగాఁ బనిచేసిన విద్వాంసుఁడు. ఇచట విద్వత్తు తలుపు మూయుటకుఁ గాక తెఱచుటకు వినియోగపడెను.

1971లో సభ్యులలో నసంతృప్తి ప్రబలెను. తమ సంగీతము శ్రమజీవుల కేమి చేసినదను ప్రశ్న పుట్టి, సమాజము కొలఁదికాలమునకే చెదరెను. కార్డ్యూయే 1974లోఁ బ్రకటించిన గ్రంథమున 'ది గ్రేట్ లెర్నింగ్'ను ఖండించెను. ఆ తీర్పును మే మంగీకరింపఁజాలము. లోకమును మార్పలేకపోయినంతమాత్రమున నా కృతి నేర్పిన మర్యాద వ్యర్థము కాదు. గొంతు బాగులేదని యింట పిల్లల నోరు మూయించువారు దీని నొక్కమాఱు విని, పిమ్మటఁ దీర్పు చెప్పుదురు గాక.