నీళ్ల మీద కాపురం

విశాఖ రేవులో 2023 సెప్టెంబర్‌లో క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభమయ్యాక నన్ను అడిగే ప్రశ్న మారింది. అంతకు ముందు ఏడాది కార్డీలియా ఓడ వచ్చి మనవాళ్లను పుదుచ్చేరి, చెన్నై తిప్పినప్పుడు టికెట్ ఎంత, భోజనం బాగుంటుందా అని అడిగేవారు. ఇప్పుడు అరవై దాటినవాళ్లు, పిల్లలు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో స్థిరపడినవాళ్లు, పక్కకు పిలిచి అడుగుతున్నారు. "ఏమండీ, మీరు షిప్పుల్లో చేశారు కదా. ఇల్లు అమ్మేసి షిప్పులోనే ఉండిపోతే ఎలా ఉంటుంది?"

నా ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం విదేశీ క్రూయిజ్ ఓడల్లో, హౌస్‌కీపింగ్‌లో గడిచింది. నెలల తరబడి ఓడ దిగని ప్రయాణికుల గదులు సర్దాను. అందుకే ఈ ప్రశ్నను ముసలివాళ్ల సరదాగా తీసిపారేయలేను. దీనికి జవాబు గట్టిగా, వివరంగా చెప్పాలి.

ఇలా ఉండిపోయినవాళ్లు ఉన్నారు. క్వీన్ ఎలిజబెత్ 2 ఓడలో బీట్రిస్ ముల్లర్ అనే అమెరికన్ పెద్దావిడ 2000 నుంచి కాపురమే పెట్టింది. 2008లో ఆ ఓడ దుబాయ్ చేరి సర్వీసు ముగించాక దిగక తప్పలేదు. లీ వాక్‌స్టెటర్‌ను ఓడలో అందరూ మామా లీ అనేవారు. భర్త పోయాక ఫ్లోరిడాలో ఐదు పడకగదుల ఇల్లు అమ్మేసి క్రిస్టల్ సెరినిటీలో ఏళ్ల తరబడి ఉంది. పగలు కుట్టుపని, సాయంత్రం డ్యాన్సు. కుట్టినవన్నీ సిబ్బందికి ఇచ్చేసేది. మారియో సాల్సెడో 1990ల చివర్లో ఉద్యోగం వదిలేసి, రాయల్ కరీబియన్ ఓడల్లో ఒకటి దిగి ఇంకొకటి ఎక్కుతూ, డెక్ మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని పెట్టుబడుల పని చూసుకుంటున్నాడు. ఇక 2002లో నీళ్లలోకి దిగిన 'ద వరల్డ్' సంగతి వేరు. అందులో 165 ఫ్లాట్లు, వాటిని కొనుక్కున్నవాళ్లే ఓడకు యజమానులు. అది కోటీశ్వరుల వ్యవహారం, ఇక్కడితో వదిలేద్దాం.

ఖర్చు గురించి ఒక్క మాట. 2004లో లీ లిండ్‌క్విస్ట్, రాబర్ట్ గోలబ్ అనే ఇద్దరు షికాగో వైద్యులు ఒక వృద్ధవైద్య పత్రికలో లెక్కగట్టి చూపారు: అమెరికాలో సాయం అందించే వృద్ధాశ్రమానికి అయ్యేదీ, ఓడలో ఉండటానికి అయ్యేదీ దాదాపు సమానమని. అప్పటి నుంచి ఆ మాట ప్రపంచమంతా తిరుగుతోంది. అయితే అది అమెరికా ఆశ్రమాల ధరతో పోల్చిన లెక్క. మన ఊళ్ల ఖర్చుకు అది వర్తించదు. పైగా ఓడ గది ధర ఇద్దరికని కడతారు. ఒక్కరే ఉంటే చాలాచోట్ల రెండో మనిషి డబ్బూ మీరే కట్టాలి. టిప్పులు, ఇంటర్నెట్, బట్టల ఉతుకు, డాక్టరు, అన్నీ విడిగా ఖాతాలో పడతాయి.

గది దగ్గరికి వద్దాం. నాకు బాగా తెలిసింది అదే. కిటికీ లేని లోపలి గది సుమారు 160 చదరపు అడుగులు. మంచం, సోఫా, చిన్న బల్ల, బీరువా, మనిషి తిరగడానికి సరిపడా స్నానాల గది. ఖాళీ పెట్టెలు మంచం కిందికి పోతాయి. పాత కాపులు వచ్చీ రాగానే చేసే పని ఒకటుంది. గోడలు చాలావరకు ఉక్కువి కాబట్టి గట్టి అయస్కాంతపు కొక్కేలు తెచ్చి టోపీ, సంచి, కాగితాలు గోడకు తగిలిస్తారు. స్నానాల గది తలుపుకు అరల సంచి వేలాడదీస్తారు. అందులో మందులు, కళ్లజోడు, చార్జర్లు. నేల మీద ఏమీ ఉంచరు. సముద్రం రేగిన రాత్రి నేల మీద ఉన్న ప్రతి వస్తువూ కాలికి అడ్డమే. పెద్దవయసులో ఒక్కసారి జారిపడితే ప్రయాణం అక్కడితో ఆగిపోతుంది.

గది ఎంచుకునేటప్పుడు సముద్రం కనిపించే బాల్కనీ కోసం అందరూ వెతుకుతారు. ఎక్కువకాలం ఉండేవాళ్లు ముందు ఓడ నమూనా పటం తెరుస్తారు. ఊపు తక్కువ ఉండేది ఓడ మధ్యలో, కింది డెక్కుల్లో. ఓడకు రెండు పక్కలా ఉండే స్టెబిలైజర్ రెక్కలు పక్కలకు ఒరగడాన్ని తగ్గిస్తాయి కానీ ముందుకీ వెనక్కీ లేచిపడటాన్ని ఆపలేవు. అందుకే ముక్కు దగ్గరి గదులు కష్టం. పైనా కిందా కూడా పడకగదులే ఉన్న డెక్కు చూసుకోవాలి. పైన వంటశాలో, కింద నాట్యశాలో ఉంటే వారం రోజులు ఓర్చుకుంటారు, ఏడాది ఓర్చుకోలేరు.

ఓడలో అన్నిటికన్నా పెద్ద భయం నిప్పు. గదిలో ఇస్త్రీపెట్టె, కెటిల్, రైస్ కుక్కర్, మామూలు ఎక్స్‌టెన్షన్ బోర్డు దేనికీ అనుమతి లేదు. దీపం వెలిగించకూడదు, అగరుబత్తి కూడా కూడదు. రోజూ దీపారాధన చేసే అలవాటున్న ఇల్లాళ్లకు ఇది చిన్న విషయం కాదు. ముందే తెలిసి బయల్దేరాలి. బ్యాటరీ దీపంతో సరిపెట్టుకున్నవాళ్లను నేను చూశాను. మనసు ఒప్పకపోతే అది వాళ్ల తప్పు కాదు, ఓడ వాళ్లకు సరిపడదని అర్థం. ఇంట్లో చేసిన వంటకాలను చాలా కంపెనీలు ఎక్కనివ్వవు. సీలు వేసిన ప్యాకెట్ల ఆవకాయ ఎక్కవచ్చు, కానీ దాన్ని రేవులోకి దించబోతే కొన్ని దేశాల్లో జరిమానా వేస్తారు. అన్నానికీ పప్పుకూ లోటుండదు. వంటశాలల్లో మనదేశం వాళ్లు చాలామందే ఉంటారు, ముందురోజు చెబితే వండిపెడతారు.

బట్టలు సంచికి ఇంత అని ఉతికిస్తారు. కొన్ని ఓడల్లో డెక్కుకొక లాండ్రీ గది ఉంటుంది. లేనిచోట స్నానాల గదిలోని తాడే దిక్కు. నూలు చీర దాని మీద ఒక పూటకు ఆరదు. టాయిలెట్లు గాలి పీల్పుతో నడుస్తాయి. ఎవరో ఒకరు లోపల చిన్న గుడ్డ పడేస్తే ఆ వరసలో గదులన్నీ ఆగిపోతాయి, మా వాళ్లు రాత్రంతా గొట్టాలు విప్పుతూ కూర్చుంటారు. దయచేసి ఈ ఒక్కటి గుర్తుంచుకోండి. చేతులు సబ్బుతో కడుక్కోండి. ఓడల్లో వాంతులు, విరేచనాలు అంటించే నోరోవైరస్‌కు సీసాలోని శానిటైజర్ అంతగా పనిచేయదు.

మళ్లీ మళ్లీ ప్రయాణాలు కలుపుకుని ఉండేవాళ్లకు జనం మారే రోజు ఒక పరీక్ష. పొద్దున పాత జనం దిగుతారు, మధ్యాహ్నానికి కొత్త జనం ఎక్కుతారు. అమెరికా రేవుల్లో ఇమిగ్రేషన్ అధికారులు ఓడలో ప్రయాణికులెవరూ లేరని తేలేదాకా కొత్తవాళ్లను ఎక్కనివ్వరు. ఉండిపోయేవాళ్లు కూడా కిందికి దిగి, కాగితాలు చూపించి, మళ్లీ ఎక్కాలి. గది మారితే హ్యాంగర్లతో సహా బట్టలు మేమే మోసుకెళతాం. 2012 జనవరిలో కోస్టా కాంకోర్డియా మునిగి 32 మంది పోయాక, ఓడ కదలకముందే, లేదా కదిలిన వెంటనే ప్రమాదం వస్తే ఎక్కడ చేరాలో చెప్పే మస్టర్ డ్రిల్ తప్పనిసరి అయింది. ఎన్నిసార్లు విన్నా సరే, ప్రతిసారీ శ్రద్ధగా వినాలి.

ఇంతవరకు చెప్పినవన్నీ అలవాటైపోయేవి. అలవాటు కానిది జబ్బు.

ఓడలో వైద్యశాల ఉంటుంది. డాక్టరు, నర్సులు, ఎక్స్‌రే, రక్తపరీక్షలు, గుండె ఆగితే మళ్లీ కొట్టించే యంత్రం అన్నీ ఉంటాయి. ఆ వైద్యశాల పని మనిషిని నిలబెట్టి పై రేవులో ఆసుపత్రికి అప్పగించడం. శస్త్రచికిత్స, క్యాన్సర్ వైద్యం, మామూలుగా డయాలసిస్ అక్కడ ఉండవు. పన్ను నొప్పికి వైద్యుడు ఉండడు. ఆ పై రేవు ఏ దేశంలోదైనా కావచ్చు, బిల్లు ఎంతైనా కావచ్చు. మన దేశంలో చేయించుకున్న ఆరోగ్యబీమా అక్కడ సాధారణంగా చెల్లదు. రోగిని ఓడ నుంచి ఆసుపత్రికి, ఆసుపత్రి నుంచి ఇంటికి చేర్చే ఖర్చు కూడా కలిసిన ప్రయాణబీమా తీసుకోకుండా గ్యాంగ్‌వే ఎక్కవద్దు. మందులు అసలు ప్యాకింగ్‌లోనే, చీటీతో సహా ఉంచుకోవాలి. మనకు మామూలుగా దొరికే దగ్గు, జలుబు, నొప్పి మందులు కొన్నింటిని జపాన్, యూఏఈ లాంటి చోట్ల కట్టడి చేశారు. ఇంకో మాట, రాత్రికి రాత్రి గడియారం గంట ముందుకో వెనక్కో జరుగుతూ ఉంటుంది. చక్కెర, రక్తపోటు మాత్రలు ఏ వేళకు వేసుకోవాలో డాక్టరును అడిగి రాసుకోండి.

తర్వాత కాగితాలు. పైన చెప్పిన అమెరికన్లకు ఉన్న వెసులుబాటు భారతీయ పాస్‌పోర్టుకు లేదు. షెంగెన్ దేశాల్లో ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులకు మించి ఉండకూడదు. మధ్యధరా సముద్రంలో వేసవంతా గడపాలనుకునేవాళ్లు ఈ లెక్క వేళ్ల మీద పెట్టుకోవాలి. అమెరికా వీసాతో మయామీ నుంచి కరీబియన్ దీవులు చుట్టి వచ్చినంత మాత్రాన గడువు మళ్లీ మొదటి నుంచి మొదలవుతుందనుకోవద్దు. 1886 నాటి అమెరికా చట్టం ఒకటి విదేశీ జెండా ఓడలు ఒక అమెరికా రేవులో ఎక్కించుకుని మరో అమెరికా రేవులో దించడాన్ని అడ్డుకుంటుంది. విడివిడిగా సరిగ్గా ఉన్న రెండు ప్రయాణాలు కలిపితే ఆ చట్టానికి తగలవచ్చు. ఇక ఇంటి దగ్గర బ్యాంకు. ఓటీపీ వచ్చే నంబరు సముద్రంలో పనిచేయదు. ఓడ సెల్ టవర్‌కు ఫోను తగులుకుంటే రోమింగ్ బిల్లు గుండె ఆపుతుంది. ఫోను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి, ఓడ వైఫైలో కాల్స్, ఓటీపీలు అందే ఏర్పాటు బయల్దేరేముందే బ్యాంకుతో, ఫోను కంపెనీతో తేల్చుకోవాలి. ప్రభుత్వ పెన్షన్‌దారులు నవంబరులో జీవన ప్రమాణ పత్రం ఇవ్వాలి. ఇప్పుడు అది ఫోనులో ముఖం చూపించి ఇవ్వవచ్చు, ఆ రోజు ఓడలో సిగ్నల్ ఉంటే.

నేను చెప్పదలచుకున్నది ఇదే. సముద్రం మీద ఎక్కువకాలం నెగ్గుకొచ్చినవాళ్లందరికీ ఒడ్డున గట్టి ఆసరా ఉంది. బ్యాంకు పనులు చూసే ఒక మనిషి, ఫోనెత్తే ఒక డాక్టరు, పడిపోతే వచ్చి చేరగల ఒక ఇల్లు. ఒడ్డు మీద ఏమీ మిగలని మనిషిని ఓడ మోయలేదు.

2020లో ఇది కళ్లారా చూశాను. ఫిబ్రవరిలో కోవిడ్ వల్ల యోకొహామాలో డైమండ్ ప్రిన్సెస్ ఓడను ఆపేసినప్పుడు అందులో 3,711 మంది ఉన్నారు. మన దేశం వాళ్లు 138 మంది, వాళ్లలో 132 మంది సిబ్బంది. అదే నెల వెస్టర్‌డామ్ ఓడను జపాన్, తైవాన్, థాయ్‌లాండ్ వద్దన్నాక చివరికి కంబోడియా రానిచ్చింది. ప్రయాణికులు దిగిపోయాక కూడా ఓడల్లో చిక్కుకుపోయిన సిబ్బందిలో నేనూ ఒకణ్ని. మమ్మల్ని ప్రయాణికుల గదుల్లో ఒక్కొక్కరినీ విడిగా ఉంచారు. భోజనానికి లోటు లేదు, పరుపు మెత్తనిది, బాల్కనీలో నుంచి సముద్రం. ఊరు కనిపించే దూరంలో లంగరు వేసి ఉన్నా దిగే దారి లేదు. ఓడలో సుఖం ఎంత ఉన్నా, రేవు తలుపు తెరిచే అధికారం ఓడది కాదని అప్పుడు నాకు ఒంటికి తెలిసింది.

కంపెనీల మాటకూ హద్దుంది. మూడేళ్ల ప్రపంచయాత్ర అని టికెట్లు అమ్మిన లైఫ్ అట్ సీ, ఓడ దొరక్క 2023 నవంబరులో రద్దయింది. ఇళ్లు ఖాళీ చేసుకుని సిద్ధమైనవాళ్లు వీధిన పడ్డారు. విల్లా వీ ఒడిస్సీ అనే ఓడ 2024లో బెల్‌ఫాస్ట్‌లో మరమ్మతులంటూ నెలల తరబడి నిలిచిపోయి శరదృతువులో గాని కదలలేదు. ఏళ్లకేళ్లు నడుస్తున్న ఓడను కూడా ఐదేళ్లలో కనీసం రెండుసార్లు నీళ్లలోంచి తీసి డ్రై డాక్‌కు ఎక్కించాల్సిందే. ఆ వారాల్లో మీరు ఎక్కడ ఉంటారు?

ఇక మనుషులు. ప్రయాణికులు వారానికోసారి మారిపోతారు. ఎవరు మీరు, ఎక్కడి నుంచి, ఎంతమంది పిల్లలు, ప్రతి వారం మళ్లీ మొదలు. ఎక్కువకాలం ఉండేవాళ్లకు నిలకడగా కనిపించే ముఖాలు సిబ్బందివే. వాళ్లు నీటిమట్టం కింది గదుల్లో ఇద్దరేసి పడుకుని లేచి వస్తారు. అంతర్జాతీయ నిబంధన ప్రకారం రోజుకు కనీసం 10 గంటలు, వారానికి 77 గంటలు వాళ్లకు విశ్రాంతి ఇవ్వాలి. అంటే వారానికి 91 గంటల దాకా పనిలో మీ మధ్య తిరగవచ్చు. ప్రయాణికుల గదుల్లో కూర్చుని కబుర్లు చెప్పడం వాళ్లకు ఉద్యోగం పోయే నేరం. ఆరు నుంచి తొమ్మిది నెలలకు కాంట్రాక్టు ముగిసి వాళ్లూ దిగిపోతారు. మామా లీ లాంటివాళ్లు ఇది అర్థం చేసుకున్నారు. తమ పని తాము పెట్టుకున్నారు, సిబ్బందిని పేరుపెట్టి పిలిచారు, ఎవరినీ పట్టుకుని వేలాడలేదు.

కాబట్టి అడిగినవాళ్లకు నా సలహా. నడవగలిగి, జబ్బులు అదుపులో ఉండి, ఒంటరిగా పొద్దుపుచ్చగలిగితే వెళ్లండి, హాయిగా వెళ్లండి. అది మంచి జీవితమే. ముందు ఒక నెల ఉండి చూడండి, తర్వాత మూడు నెలలు. ఏళ్ల డబ్బు ఒకేసారి కట్టవద్దు. ఇల్లు అద్దెకిచ్చుకోండి, అమ్మవద్దు. విదేశాల్లో ఉన్న పిల్లలకూ ఒక మనవి. అమ్మానాన్నలకు టికెట్ కొనిపెట్టి ఊరుకోకండి. పాస్‌పోర్టు, బీమా, మందుల చీటీల నకళ్లు మీ దగ్గర ఉంచుకోండి. ఓడ ఏ రోజు ఏ రేవులో ఉంటుందో రాసిపెట్టుకుని, రేవు చేరిన రోజు ఫోన్ చేయండి.